నూట నలభై ఏడో కాగితం

ఎలుక పిల్లలు నాలుగున్నాయి. కళ్ళు తెరవకముందే చచ్చి, ఎండి, చింతతొక్కుల్లా నల్లబడి, చెరకు కోత పర్మిట్ల మధ్య ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గంగామణి పట్టకారుతో వాటిని లాగి పాత పేపరులో వేసి, ముఖం పక్కకు తిప్పుకుని పొట్లం కట్టింది. వాటి కింద తల్లి ఎలుక కొరికి పరిచిన కాగితం ముక్కలు ఉచ్చ తగిలి పచ్చబడి, బూజు పట్టిన రొట్టెలా మెత్తగా ఉన్నాయి. వాసన ముక్కులోంచి గొంతులోకి దిగింది.

"థూ," అంది. కొంగు ముక్కుకు చుట్టుకుని మళ్ళీ ట్రంకులోకి వంగింది.

నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి వెనుక గల్లీలో ఒక ట్రస్టు నడిపే లేఖాగారం అది. జిల్లాలో మూతపడ్డ మిల్లుల, ఎత్తేసిన దుకాణాల, మనుషులు పోయిన ఇళ్ళ ఉత్తరాలన్నీ చివరికి అక్కడికి చేరతాయి. వచ్చేటప్పుడు అవి ఉత్తరాల్లా ఉండవు. గోనెసంచుల్లో, రేకు ట్రంకుల్లో, ఒకసారైతే పాత బియ్యం డ్రమ్ములో, చెత్తలా వస్తాయి. వాటిని మళ్ళీ ఉత్తరాలు చేయడం గంగామణి పని. దులపాలి. ముక్కలు కలపాలి. చిరిగినచోట పల్చటి టిష్యూ పరిచి, మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా లయితో అతకాలి. ఆ తర్వాత మూలన పెన్సిలుతో నంబరు వేసి, రిజిస్టరులో సిరాతో ఎక్కించాలి. పదకొండేళ్ళుగా చేస్తోంది. ఒక్కరోజు కూడా ఆ పని మీద రోత పోలేదు. మధ్యాహ్నం సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నా, అన్నం చెంచాతోనే తింటుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. బక్కపలచటి మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. ఆ వంపు బీడీల చాట ఇచ్చింది. ఎనిమిదో ఏట ఒళ్ళోకి ఎక్కిన చాట నలభై ఏడో ఏట దిగింది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కొనలు మడిచి దారం కట్టడం, రోజుకు వెయ్యి బీడీలు. తంబాకు పొడి ఆమె కూరలో పడింది, తలలో పడింది, పాలు తాగే పిల్లల నోట్లో పడింది. భర్త పోయి, దగ్గు పట్టుకున్నాక ఒకరోజు ఆ చాటను పొయ్యిలో పెట్టి, పనివాళ్ళను కుదిర్చే ఏజెన్సీ మనిషిని పట్టుకుని ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. అప్పుడు ఉత్తరాలు అతికే నర్సన్న అనే ముసలాయన, ఆమె చీపురు పుల్లలు దారంతో బిగించడం చూశాడు. "నీ వేళ్ళు ఊడిసే వేళ్ళు గావు బిడ్డా," అని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత ఏడాదికి ఆయన పోయాడు, కుర్చీ ఆమెకు వచ్చింది. ఒక కంపు వదిలించుకుందామని వస్తే ఇంకో కంపు ఎదురైందని ఆమె నవ్వుతూ చెప్పేది.

పురుగులు, పెంటికలు సరే. ఉత్తరాల్లోని మాటలు ఆమెకు అంతకంటే రోత. చెరకు మిల్లు మేనేజరుకు వచ్చినవన్నీ బూట్లు నాకినట్టుండేవి. 'తమ పాదధూళి' అని మొదలుపెట్టి, పక్క రైతు బండికంటే తన బండి ముందు తూకం వేయించమని ముగించేవాళ్ళు. కింద ఆ పక్క రైతు ఉత్తరం. అదీ పాదధూళితోనే మొదలయ్యేది.

ఇప్పుడు విప్పుతున్న ట్రంకు వెంకట్రావుది. కాలువ నీళ్ళు చూసుకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చి, వర్ని దగ్గర వలస రైతుల క్యాంపులో భూమి కొని స్థిరపడ్డ రైతు ఆయన. పోయి ముప్పై ఏళ్ళయింది. మనవడు దిలీప్ ట్రంకు తెచ్చి లేఖాగారానికి ఇచ్చాడు. వచ్చే ఆదివారం తాతగారి శతజయంతి. కొన్ని ఉత్తరాలు అద్దాల కింద పెట్టి చూపిస్తారట. పైన ఉన్నవి మిల్లుతో, ఎరువుల దుకాణాలతో నడిపిన వ్యాపార ఉత్తరాలు. అడుగున ఎర్రగుడ్డలో చుట్టినవి ఇంటి ఉత్తరాలు. గుడివాడ దగ్గర ఉండే బావమరిదికి వెంకట్రావు రాసినవి. బావమరిది పోయాక వాళ్ళ వాళ్ళు కట్టగట్టి తిరిగి పంపించారు.

ఆ కట్టలో ఒక ఉత్తరం ఏడు ముక్కలైంది. ముక్కలు కలపాలంటే చదవక తప్పదు. గంగామణిది ఐదో తరగతి చదువు. వేలు పెట్టి అక్షరం వెంట అక్షరం పోతుంది. సగం దాకా పోయేసరికి వేలు ఆగింది. మొదటికి వచ్చి మళ్ళీ చదివింది.

'ఇచ్చటి మనుషులను చూచిన కడుపులో త్రిప్పును. ఆడకూలీలు దగ్గరకు వచ్చిన పొగాకు కంపు. నాట్లు లేని దినములలో బీడీలు చుట్టెదరట. వారి చేతి నీళ్ళు నాకు గొంతు దిగవు. అంజవ్వ యను నామె పాలుత్రాగు పిల్లను గట్టుమీద పరుండబెట్టి నాటు వేయుచున్నది. పిల్ల ఏడ్చుచున్నదని మూడు పర్యాయములు సెలవడిగినది. కాలువ వంతు ఆ పూటతో ఆఖరు గావున పోనీయలేదు. సాయంకాలమునకు పిల్ల ఏడుపు మానినది. చూడగా ప్రాణము లేదు. రెండు శేర్లు వడ్లు కొలిపించి పంపినాను. మరునాడు మరల నాటుకు వచ్చినది. వీరికి మనవలె దుఃఖము కూడ ఉండదనుకొందును. నీవు అడిగిన ఎడ్ల సంగతి ఏమనగా...'

తారీఖు 1963.

అంజవ్వ ఎవరో గంగామణికి తెలియదు. ఆ పేరు ఆ రోజుల్లో ఊరికి నలుగురికి ఉండేది. తన తల్లి పేరు లచ్చవ్వ. చందూర్ నుంచి తెల్లారకముందే నడిచిపోయి అలాంటి మళ్ళలోనే నాట్లు వేసేది. దాహమైతే దోసిలి పట్టి వంగేది, పైనుంచి చెంబుతో నీళ్ళు పోసేవాళ్ళు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి. ఆ కారిన నీళ్ళను తల్లి చెంగుతో తుడిచి, అదే చెంగుతో గట్టు మీద కూర్చున్న గంగామణి ముఖం తుడిచేది. ఉత్తరంలోని పిల్ల పోయిన ఐదేళ్ళకు గంగామణిని అలాంటి గట్టు మీదే పడుకోబెట్టారు. ఆమె బతికింది.

ఏడుపు రాలేదు. నోట్లో ఉప్పునీళ్ళు ఊరాయి. లేచి వెనక నల్లా దగ్గరికి పోయి పొద్దున తిన్న అటుకులన్నీ కక్కింది. పదకొండేళ్ళుగా ఎలుకలకు, పురుగులకు రాని వాంతి ఎడ్ల సంగతికి వచ్చింది. ఎడ్ల ధర ఆ తర్వాత కాగితం వెనకవైపంతా నడిచింది.

నోరు పుక్కిలించి వచ్చి కూర్చుని, ఆ కాగితాన్ని అతికింది. అంత శ్రద్ధగా ఆమె ఏదీ అతకలేదు. కుంచెతో లయి పూసి, ఒక్క బుడగ లేకుండా టిష్యూ పరిచి, చుట్టూ మిగిలిన అంచును బీడీ కొన మడిచినట్టు బొటనవేలి గోరుతో ఒత్తింది. 'దుఃఖము' అన్న మాటలో చివరి అక్షరాన్ని ఎలుక తినేసింది. అక్కడ బోడిగా టిష్యూ మాత్రమే మిగిలింది. పోయిన అక్షరం మన చేత్తో రాయొద్దని నర్సన్న చెప్పేవాడు. అలాగే వదిలేసి, కాగితాన్ని బల్ల మీద ఆరబెట్టింది.

మూడు గంటలకు దిలీప్ వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, తెల్లచొక్కా, ముక్కు మీద చేతిరుమాలు. లేఖాగారం ఇన్‌చార్జి మధుకర్ గదిలోంచి పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసి, చాయ్ తెమ్మని కేక పెట్టాడు. లేఖాగారానికి కొత్త బీరువాలు ఇప్పిస్తానని దిలీప్ మాటిచ్చి ఉన్నాడు.

బల్ల మీద కాగితం చూడగానే దిలీప్ ముఖం వెలిగింది. రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"ఇది తాతయ్య రాతండీ! 'త'కు కింద తోక ఇలాగే తిప్పేవారు," అంటూ చేతిలోకి తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. మూడో వాక్యం దగ్గర గొంతు తగ్గింది. తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత అవీ ఆగాయి.

చాయ్ వచ్చింది. ఎవరూ తీసుకోలేదు.

"ఇది ఇంటి ఉత్తరం కదండీ," అన్నాడు చివరికి మధుకర్‌తో. "వ్యాపారానివి మీరు ఉంచుకోండి. పర్సనల్‌వి మేం తీసుకుపోతాం."

"ట్రంకు మొత్తం ఇస్తున్నమని సంతకం పెట్టిండ్రు గద సార్," మధుకర్ నసిగాడు. అంతలో అతని చూపు కాగితం మూలకు పోయింది. "ఆఁ, నంబరింకా పడలే. గంగామణీ, ఇది తడికి ఖరాబైంది, అతకలేదని రాసెయ్."

"మంచిగనే అతికింది గద సారు."

"అతికింది నాకు కనవడ్తలేదా? అతకలేదని రాయమంటున్న."

దిలీప్ ఆమె వైపు తిరిగాడు. "చూడమ్మా, మా తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ కాలువ గట్లన్నీ తిప్పారు. నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేవారు. ఆయన ఇలాంటి మనిషి కాదమ్మా." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "అయినా ఇందులో అనరాని మాటలన్నీ మీవాళ్ళ మీదే కదా. ఇది పోతే మీకే మంచిది."

గంగామణి అతని కళ్ళలోకి చూసింది. కన్నీళ్ళు ఉన్నాయి, తాత కోసం. గట్టు మీది పిల్ల గురించి ఒక్క మాట అడగలేదు. ఎన్ని నెలల పిల్లో అని కూడా అనుకున్నట్టు లేదు. పొద్దుటి ఎలుక పిల్లల్ని పట్టకారుతో పట్టినప్పటికంటే ఎక్కువ అసహ్యం ఆమె వేళ్ళలోంచి పైకి పాకింది.

"మీ తాత మిమ్ముల మోసిండు కావచ్చు సారు, నేను కాదంటలేను," అంది. "గా పిల్ల ఒకతి పుట్టిందని సెప్పెటందుకు గీ కాయితం తప్ప ఇంకేం లేదు. పేరు సుత రాయలే. బొంద యాడ వెట్టిండ్రో తెల్వది. మమ్ముల తిడితె తిట్టనియ్యుండ్రి. గది ఉండాలె."

"నువ్వు జర నోరు మూస్తవా?" మధుకర్ అరిచాడు.

కాగితం ఇంకా ఆరలేదు. తడి లయి దిలీప్ వేళ్ళకు జిగటగా అంటుకుంది. అతను చెయ్యి చూసుకుని, ముఖం చిట్లించి, చటుక్కున కాగితాన్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి శానిటైజర్ సీసా తీశాడు. వేలు వేలునూ రుద్దుకోసాగాడు.

ఆ కాసేపు చాలింది. గంగామణి కాగితాన్ని తన వైపు లాక్కుంది. మూలన పెన్సిలుతో 147 వేసింది. రిజిస్టరు దగ్గరికి జరుపుకుని, పెన్ను తీసి, వంకర అక్షరాలతో రాసింది. వెంకట్రావు ఇంటి ఉత్తరం, 1963, ఒక కాగితం, మంచిగ ఉన్నది. రిజిస్టరులో పుటపుటకూ అచ్చు నంబరు, ట్రస్టు ముద్ర ఉంటాయి. పుట చింపితే లెక్క చెప్పాల్సింది ఇన్‌చార్జి. మధుకర్ సిరా వైపు చూశాడు, దిలీప్ వైపు చూశాడు.

దిలీప్ శానిటైజర్ సీసా జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి, ఏదో అడగబోయినట్టు నిలబడి, రుమాలు ముక్కుకు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మధుకర్ అతని వెంట కారు దాకా పోయాడు.

పక్క బల్ల దగ్గర కంప్యూటరు ముందు సవిత ఇదంతా తల దించుకుని వింది. ఉత్తరాల జాబితా కొట్టే అమ్మాయి ఆమె. ఏ ఉత్తరంలో ఏముందో ఒక్క వరుసలో కొట్టాలి. కాగితం తీసుకుని చదివింది.

"వ్యవసాయ విషయాలు, కుటుంబ క్షేమం అని కొట్టాల్నా అక్కా?" అంది మెల్లగా. "ఇట్లాంటియి అన్నిట్కి గట్లనే కొడ్తం."

"అంజవ్వ బిడ్డ సావు అని కొట్టు."

సవిత గుమ్మం వైపు చూసింది. మధుకర్ ఇంకా రాలేదు. గబగబా కొట్టి, తెర గంగామణి వైపు తిప్పింది. 'అంజవ్వ అనే కూలీ పసిబిడ్డ మరణం, నాట్ల కాలం, వర్ని. ఎడ్ల కొనుగోలు.' గంగామణి వేలు పెట్టి అక్షరం వెంట అక్షరం చదివింది. తల ఊపింది.

అయిదు గంటలకు ఫోను మోగింది. ఏజెన్సీ అనిల్‌కుమార్.

"అవ్వా, రేపటి సంది నువ్వు రాకు. వేరే మనిషిని పంపిస్తున్నం."

"ఎందుకు కొడుకా?"

"వయసు ఎక్కువైందంటున్నరు. నా చేతుల ఏం లేదవ్వా."

"మంచిది తియ్యి," అంది.

బల్ల మీద ఇంకా రెండు ఉత్తరాలు సగం అతికి ఉన్నాయి. వాటిని పూర్తిచేసింది. 148, 149. రెండూ చెరకు తూకం గురించినవి, రెండూ పాదధూళితో మొదలైనవే. మిగిలిన లయి మోరీలో పారబోసి గిన్నె కడిగింది. కుంచెలు తుడిచి వరుసగా పెట్టింది. చీర మీద తొడుక్కున్న పాత అంగీ విప్పి మేకుకు తగిలించింది. సవిత తలుపు దాకా వచ్చి చెయ్యి పట్టుకుని వదిలింది. మధుకర్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గంగామణి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, మెట్లు దిగి, గల్లీ మలుపులో ఆటోల మధ్య కలిసిపోయింది.

శతజయంతి బాగా జరిగిందని తర్వాతి వారం సవిత ఫోనులో చెప్పింది. అద్దాల కింద వ్యాపార ఉత్తరాలే పెట్టారట. కొత్త బీరువాలు రాలేదు. నూట నలభై ఏడు పాత బీరువాలోనే, తన వరుసలోనే ఉంది. కొత్తగా వచ్చినామె ముక్కు మూసుకుని పని నేర్చుకుంటోంది. ఆమె ఇంకా కదిలించని వస్తువు ఒక్కటే ఉంది ఆ గదిలో. కుర్చీ వెనక మేకుకు వేలాడే మగవాళ్ళ పాత అంగీ, గంగామణి చీర మీద తొడుక్కునేది. కుడి చేతి అంచున లయి పొరలు పొరలుగా ఎండి, ఫ్యాను తిరిగినప్పుడల్లా గోడకు తగిలి సన్నగా చప్పుడు చేస్తోంది.