గచ్చు కింద నీలం అట్టలు

"కత్తి మొద్దుబారింది, చూసుకోవద్దూ?" అన్నాడు మా ఆయన బెల్మీరో, చుట్టాలందరి ముందు. ఈస్టరు భోజనం. మధ్యలో గుడ్డు పెట్టి కాల్చిన తియ్య రొట్టె కోస్తున్నాను. సముద్రం దాటి ఇక్కడికొచ్చిన మా అసోర్ దీవుల వాళ్ళిళ్ళల్లో గుడ్డున్న ముక్క ఇంట్లోని పసిపిల్లకి పెడతారు. మా ఇంట్లో ఏటా అది మామ కంచంలోకే పోతుంది.

మొద్దుబారదూ మరి? ఈ ఇంటి గచ్చు కింద పరిచిన నీలం ఫోమ్ అట్టలన్నీ కోసింది ఈ కత్తే. ఇల్లు కట్టేటప్పుడు, నేలలోని చలి పైకెక్కకుండా కాంక్రీటు కింద అవి పరవాలన్నారు. రంపం పెడితే అంచులు విరిగిపోతున్నాయని బెల్మీరో, "ఇదాలీనా, నీ రొట్టె కత్తి తే. ఆడదాని చెయ్యి అయితే నున్నగా తెగుతాయి" అన్నాడు. అంత మెచ్చుకోలు నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి, పొంగిపోయాను. పొద్దున పశువుల పాకలో పని, మధ్యాహ్నం పనివాళ్ళందరికీ వంట, ఆ సందులో మోకాళ్ళ మీద కూర్చుని అట్టలు కోయడం. కడుపులో బిడ్డ. నీలం పొట్టు జుట్టులో, కనురెప్పల మీద, నోట్లో. మా అత్త దెయొలిండా చప్పట్లు కొట్టి నవ్వేది: "ఈ లోయలో మంచు పడదన్నది ఎవర్రా? నా కోడలి నెత్తిన చూడండి, నీలం మంచు!" నేనూ నవ్వేదాన్ని. సాయంత్రం ఆ కత్తినే ఏప్రానుకి తుడిచి రొట్టె కోసేదాన్ని.

తనిఖీకి వచ్చినాయన అట్టల మీద ముద్ర వెతికాడు. మంటని ఆపే మందు వాటిలో కలిపితీరాలట. "కింద మట్టి, పైన కాంక్రీటు. మధ్యలో నిప్పెవరు పెడతారు బాబూ?" అన్నాను. "రూలు రూలేనమ్మా. పందికొక్కులు చుట్టలు కాలుస్తాయేమో, ఎవరు చూడొచ్చారు!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. మామ ఆ మాటకి తోక తగిలించి, ఓ ముసలి పందికొక్కు బొరియలోంచి తల బైటపెట్టి తనని అగ్గిపెట్టె అడిగిందని, లేదంటే బూతులు తిట్టిందని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

పైకప్పు వెయ్యకముందే బిడ్డ పోయింది. ఆడపిల్ల. పేరు అనుకునే ఉంచాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొత్తింటికి వచ్చిన చుట్టాలకి బెల్మీరో గది గదీ తిప్పి చూపించాడు. ఎవరో బిడ్డ సంగతి ఎత్తారు. నేను కాఫీ పోస్తున్నాను. "నా వంతు ఇల్లు, నేను నిలబెట్టాను. తన వంతు బిడ్డ, నిలుపుకోలేకపోయింది," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు. నేను కాఫీ ఒలకనివ్వలేదు. ఇన్నేళ్ళూ ఆ మాటని గచ్చుతో పాటే తుడుస్తూ వచ్చాను.

మొన్న చర్చి హాలుకి ఒక డాక్టరమ్మ వచ్చింది. అట్టల్లో కలిపే ఆ మంటని ఆపే మందు పొట్టులోంచి, దుమ్ములోంచి ఒంట్లోకి చేరుతుందనీ, కడుపులో పిల్లల మీద దాని ప్రభావం గురించి తమకి భయాలున్నాయనీ చెప్పింది. అందరూ వెళ్ళాక నా కత్తి సంగతి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "దానివల్లే పోయిందని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను." మట్టి కిందికి పోయే అట్టలకైనా ఆ రూలు తీసెయ్యమని రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో సభ ఉంది, వచ్చి మాట్లాడతావా అని అడిగింది. మా ఆయన్ని అడిగి చెప్తానన్నాను.

"పునాది నుంచి పైకప్పు దాకా ఈ చేతులే!" బెల్మీరో ఇప్పుడు ఈ ఈస్టరు బల్ల దగ్గర కూడా చేతులెత్తి చూపిస్తున్నాడు.

"మంగళవారం శాక్రమెంటో వెళ్తున్నాను," అన్నాను. "ఆ నీలం అట్టల గురించి మాట్లాడాలి."

"నువ్వా?" చుట్టాలకేసి కన్ను గీటాడు. "ఏ హోదాలో తల్లీ? పందికొక్కుల తరఫునా?"

బల్లంతా నవ్వింది. మామ అలవాటుగా కంచం ముందుకి జరిపాడు. గుడ్డున్న ముక్క కోసి నా కంచంలో పెట్టుకున్నాను. నవ్వు ఆగింది.

"ఈ ఇల్లు కట్టినదాని హోదాలో," అన్నాను. "ఇల్లు నిలబెట్టింది నేను కూడా. బిడ్డ నిలవకపోవడం మాత్రం నా తప్పు కాదు. దాని పేరు ఔరోరా."