యాభై ఎనిమిది డిగ్రీలు

ఉదయం ఆరుంబావుకి హేచరీలో గుడ్లు పొదిగే యంత్రం చల్లబడి ఉంది. తెరమీద మాత్రం యాభై ఎనిమిది డిగ్రీలు. యజమాని తలుపు తీసి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా తగిలింది. ఒళ్ళు కాలిపోతోందనుకుని యంత్రం తన హీటరు తనే ఆపేసుకుంది.

యంత్రంలోని బోర్డుకు ప్రోగ్రాం రాసేది వదినా మరిదీ. ఇద్దరిదీ రెండు గదుల వర్క్‌షాపు. యజమాని ఫోన్ చేయగానే వదిన పాత ప్రోగ్రాం తిరిగి ఎక్కించింది. హీటరు వెలిగింది. గుడ్ల సంగతి రెండు రోజులు ఆగితే గానీ చెప్పలేనన్నాడు యజమాని.

చెడ్డ ప్రోగ్రాం నిన్న సాయంత్రం ఎక్కించింది మరిది. మొన్న టీకొట్టు దగ్గర అతని పక్కన పోటీ కంపెనీ సేల్స్‌మాన్ నిలబడి నవ్వుతూ కనిపించాడు. వదిన ఈ రెండూ కలిపి చూసుకుంది.

మరిది వచ్చేసరికి గుమ్మంలోనే చెయ్యి చాపింది.

"వర్క్‌షాపు తాళంచెవి ఇలా ఇవ్వు."

"ఎందుకు వదినా?"

"ముందు ఇవ్వు."

ఇచ్చాడు. "టీ అయినా పోస్తావా, దానికీ తాళం వేశావా?"

ఆమె నవ్వలేదు. "నిన్న ఏం మార్చావు?"

"తెరమీద అంకెలు పెద్దవి చేశా. కళ్ళజోడు లేకపోతే కనపడట్లేదని హేచరీ ఆయన గోల పెడితే నువ్వేగా చెయ్యమన్నావు."

"అంకెలు పెద్దవి చేస్తే గుడ్లు చల్లబడతాయా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"ఆ సేల్స్‌మాన్‌తో గుసగుసలేంటి?"

"అదా సంగతి. వాళ్ళ దగ్గరికి రమ్మన్నాడు, రానన్నాను. నీకు చెప్తే అన్నయ్యకి చెప్తావు, అన్నయ్య ఊరంతా చెప్తాడు. అందుకే ఊరుకున్నా."

వదిన నమ్మలేదు. మరిది వెళ్ళిపోతే వర్క్‌షాపు సగం మూతపడినట్టేనని తెలుసు. అయినా నమ్మలేదు. దొంగను పట్టుకోవాలనే కంప్యూటర్ ముందు కూర్చుంది.

బోర్డు అగ్గిపెట్టెంత ఉంటుంది. ప్రోగ్రాం తయారుచేసే సత్తువ దానికి లేదు. అందుకని పెద్ద కంప్యూటర్ మీద తయారుచేసి దానిలోకి ఎక్కిస్తారు. బోర్డులో ఉన్న లైబ్రరీల, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కల, నకలు ఒక ఫోల్డరులో పెట్టుకుని, ప్రోగ్రాంను వాటితోనే ముడిపెడతారు. నిన్నటి ప్రోగ్రాం పోయిన వారం కొన్న కంప్యూటర్ మీద తయారైన మొదటిది.

ఏ ఫైలు ఎక్కణ్ణించి తీసుకున్నావో చెప్పమని, ప్రోగ్రాం తయారుచేసే కంపైలర్‌ని అడిగింది. వరుసలు దిగుతూ వచ్చాయి. అన్నీ నకలు ఫోల్డరువే. వేడినీ తేమనీ కొలిచే సెన్సర్ లెక్కలు ఏ వరుసలో వస్తాయో చెప్పే ఫైలు ఒక్కటే పెద్ద కంప్యూటర్ సొంత ఫోల్డరు నుంచి వచ్చింది. అది కొత్త వెర్షను. అందులో వేడి రెండో స్థానంలో ఉంది. బోర్డులోని పాత లైబ్రరీ రెండో స్థానంలో తేమను పంపుతుంది.

యాభై ఎనిమిది తేమ అంకె.

నకలు ఫోల్డరు తెరిచింది. ఆ ఫైలు ఉండాల్సిన చోట ఒక లింకు ఉంది. ఫలానా చోటికి వెళ్ళి చూడమనడమే దాని పని. బోర్డులో ఆ చిరునామాకు వెళ్తే బోర్డు ఫైలే దొరుకుతుంది. ఇక్కడ అదే చిరునామాకు వెళ్తే ఈ కంప్యూటర్ ఫైలు దొరుకుతోంది. నకలు తీసేటప్పుడు లింకులు సరిచూసుకోవాలి. ఎవరూ చూడలేదు.

ఆమె నకలు తీసిన తేదీ చూసింది.

"పోయిన బుధవారం నువ్వెక్కడున్నావు?"

"పన్ను పీకించుకున్నానుగా. దవడ వాచిపోయి ఇంట్లో పడుకున్నా. జావ పంపింది నువ్వేగా."

వదిన లింకు సరిచేసి మళ్ళీ కంపైల్ చేసింది. బల్లమీద ఉన్న మరో బోర్డులోకి ఎక్కించింది. సెన్సర్ పక్కన థర్మామీటరు పెట్టింది. రెండింటిలోనూ ఇరవై తొమ్మిది.

"ఆ రోజు నకలు తీసింది నేనే" అంది.

"ఊఁ" అన్నాడు మరిది.

ఆమె తాళంచెవి తీసి అతని కీబోర్డు పక్కన పెట్టింది. అతను బోర్డుకు వైర్లు అతికే టంకం పని ముగించుకుని చేతులు కడుక్కున్నాడు.

"వెళ్ళొస్తా వదినా."

వర్క్‌షాపు మూసేవేళకి తాళంచెవి కీబోర్డు పక్కనే ఉంది.