ఇంకే విధంగా సహాయపడగలను?

నన్ను మీరెప్పుడూ చూసి ఉండరు. వినే ఉంటారు. ఫోను చెవికి ఆనించుకుని, తొమ్మిది నొక్కి, ఆ తర్వాత రెండు నొక్కి, పావుగంట సేపు ఒకటే సంగీతం విని విని, చివరికి మనిషి గొంతు వినబడగానే ప్రాణం లేచొచ్చి మీ గోడంతా వెళ్ళబోసుకుని ఉంటారు. అటునుంచి ‘మీ బాధ మాకు అర్థమైంది’ అని వచ్చిందా? ఆ మాటన్నది మనిషి కాదండీ, నేను. నేను ఒక కార్డుని. జానెడు పొడుగు దళసరి కాగితం, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. గొంతు ఎవరిదైనా మాట మాత్రం నాదే. ఆ పాపంలో నా వాటా నాకు తెలుసు కాబట్టి దాపరికం లేకుండా చెప్పేస్తాను.

నేను పుట్టింది విశాఖపట్నం మధురవాడలో, ఒక జిరాక్సు కొట్లో. జనం ఇంటర్నెట్టులో పెట్టుకునే వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి నాలాంటివాళ్ళని నలభైమందిని చేయించింది. కంపెనీ పేరు ‘నిశ్చింత హోస్టింగ్’. ఆ పేరు పెట్టిన మహానుభావుడికి ఒక దండం. నా మీద రాతలు రాసింది బెంగుళూరు నుంచి వచ్చిన శిక్షణాధికారి. ఆయన జన్మలో ఒక్క ఫిర్యాదు ఫోనైనా ఎత్తి ఎరగడు. రెండు రోజులు హోటల్లో కూర్చుని ఏడు వాక్యాలు రాసి విమానం ఎక్కేశాడు.

ఆ ఏడు వాక్యాలూ ఏమిటంటారా? మీకూ వచ్చినవే. నమస్కారం ఒకటి, మీ బాధ అర్థమైందని ఒకటి, ఒక్క నిమిషం లైన్లో ఉండమని ఒకటి, మా టెక్నికల్ టీమ్ దీని మీదే పనిచేస్తోందని ఒకటి, నలభై ఎనిమిది గంటలు ఆగమని ఒకటి, తెర మీది ఎర్ర బటన్ నొక్కమని ఒకటి. అన్నిటికంటే సిగ్గులేనిది చివరిది: ‘నేను మీకు ఇంకే విధంగా సహాయపడగలను?’ ఇంకే విధంగానట! ముందు ఒక విధంగానైనా చేసి చావాలి కదండీ! అడుగున ఎర్ర అక్షరాల్లో మూడు నిషేధాలు కూడా ఉన్నాయి. కార్డులో లేనిది మాట్లాడకూడదు. అసలు పేరు చెప్పకూడదు. ‘నాకు తెలియదు’ అని ఎట్టి పరిస్థితుల్లోనూ అనకూడదు.

నన్ను పద్నాలుగో నంబరు బల్ల మీద పెట్టారు. మొదట నా యజమాని మోజెస్ అనే కుర్రాడు, ఫోన్లో మాత్రం ‘రాహుల్’. మంచివాడు. మొదట్లో అవతలివాళ్ళు ఏడుస్తుంటే ‘అయ్యో, అలాగా అండీ’ అనేవాడు. ప్రతి ఫోనునీ రికార్డు చేసి మార్కులు వేసే ఏర్పాటుంది అక్కడ. ఆ ‘అయ్యో’ కార్డులో లేదని మోజెస్‌కి మార్కులు కోసేశారు. మూడు వారాలు తిరిగేసరికి అయ్యో మానేశాడు. ఆరు నెలలకి ఫోను అవతల ఇల్లు తగలబడుతోందని చెప్పినా నలభై ఎనిమిది గంటలు ఆగమనేంతగా పండిపోయాడు. దిగులు పట్టినప్పుడల్లా నా మూల కొరికేవాడు, ఆ పంటిగాట్లు నాకింకా ఉన్నాయి. ఒకరోజు హెడ్‌ఫోను నా మీద పెట్టేసి, బైకుల షోరూములో ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయాడు.

ఆ కుర్చీలోకి వచ్చిన పిల్ల నూకరత్నం. నర్సీపట్నం దగ్గర పల్లె. ‘ఆ పేరు ఫోన్లో పనికిరాదమ్మా’ అని టీమ్ లీడర్ భార్గవ్ ఆవిడకి ‘రియా’ అని పేరు పెట్టాడు. స్పష్టంగా, గంట కొట్టినట్టు చదివేది. అంత చక్కటి గొంతుతో అంత పనికిమాలిన మాటలు చదివిస్తున్నందుకు నాకే ఒళ్ళు మండిపోయేది.

మార్చి నెలలో ఒక శనివారం పొద్దున్న ఫోను వచ్చింది.

“నమస్కారమమ్మా. నా పేరు పైడినాయుడు. బొబ్బిలి దగ్గర అంధుల బళ్ళో మాస్టర్ని. నిన్నటి నుంచి మా సైటు తెరుచుకోవట్లేదు. పదో తరగతి పాఠాలన్నీ గొంతుతో చదివించి అందులో పెట్టేం. నాలుగొందల పన్నెండు పాఠాలు. పిల్లల పరీక్షలకి తొమ్మిది రోజులుందమ్మా, అయే వాళ్ళ పుస్తకాలు.”

విషయం ఆయన చక్కగా విడమరిచి చెప్పాడు. పరీక్షలు దగ్గరపడ్డాయని చుట్టుపక్కల జిల్లాల్లో పిల్లలంతా ఒక్కసారే పాఠాలు వినడం మొదలుపెట్టారు. ఇంతమంది ఒక్కసారే వచ్చి పడ్డారంటే ఏదో మోసం ఉందని కంపెనీ కంప్యూటరుకి అనుమానం వచ్చి సైటుకి తాళం వేసేసింది. మీరు మీరేనని రుజువు చేసుకోకపోతే వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరింటికి అన్నీ తుడిచేస్తామని ఉత్తరం కూడా పంపింది. ఆయన ఫోను ఆ ఉత్తరాన్ని ఆయనకి చదివి వినిపించింది. వేరే కాపీ ఉందా అంటే, వానాకాలంలో పిడుగు పడి బడి కంప్యూటరు కాలిపోయింది. మిగిలినవి మా కంపెనీ దగ్గరున్నవే.

నూకరత్నం నన్ను చదివింది. బాధ అర్థమైందంది, లైన్లో ఉండమంది, ఎర్ర బటన్ నొక్కమంది.

“అమ్మా, నాకు కళ్ళు కనబడవు.”

దానికి ఎర్ర బటన్ వాక్యానికే ఒక తోక ఉంది, చూడండి నా ఖర్మ. ఎవరైనా బటన్ కనబడట్లేదంటే చదవాల్సింది. అలవాటు మీద ఆ పిల్ల అదీ చదివేసింది: “కనబడకపోతే పేజీని కొంచెం కిందికి జరిపి చూడండి సార్.” అనేశాక నాలుక కరుచుకుంది.

మాస్టారు నవ్వాడు. “ఎంత కిందికి జరిపినా కనబడదమ్మా, పుట్టి నలభై ఆరేళ్ళయింది.”

ఆ నవ్వుకి నా ప్లాస్టిక్కు కరిగిపోతుందేమో అనుకున్నాను. నూకరత్నం నా మీంచి చూపు తిప్పేసుకుంది. అయినా చివరి వాక్యం చదవాలి కదా, చదివింది. ఇంకే విధంగా సహాయపడగలనని అడిగింది.

ఇక చూడండి, ఆ వారం రోజులూ ఆ మనిషిని మేం పెట్టిన హింస. రోజూ ఫోను చేశాడు. ఒకరోజు మూడో బల్లకి, ఒకరోజు పాతికో బల్లకి. చుట్టూ బల్లల మీద ఉన్న నా తోబుట్టువులు ఆయనకి అవే మాటలు వినిపిస్తుంటే నేను చెవులు మూసుకుందామన్నా నాకు చెవుల్లేవు. ఫిర్యాదు రాసుకున్నారు. ఎర్ర బటన్ నొక్కలేదని ఇరవై నాలుగు గంటలకి ఆ ఫిర్యాదు దానంతటదే మూతబడింది. మళ్ళీ రాసుకున్నారు. బడిలో వంట చేసే ఆవిడ వచ్చి బటన్ నొక్కిపెట్టింది. అప్పుడు తెర మీద తొమ్మిది బొమ్మలొచ్చి, ఇందులో ట్రాఫిక్ లైట్లు ఏవో చూపించమంది. పాపం ఆవిడ అదీ చేసిపెట్టింది. ఆ తర్వాత ఖాతాదారుడు కెమెరా వంక చూస్తూ ఫొటో దిగాలంది. దిగాడు. ‘కళ్ళు తెరిచి ఉంచండి’ అని తిప్పికొట్టింది. దిగాడు. ‘కళ్ళు తెరిచి ఉంచండి.’ పదకొండుసార్లు దిగాడండీ ఆ పెద్దమనిషి! పదకొండుసార్లూ అదే మాట. ఆ కంప్యూటరుకి బుద్ధి లేదు సరే, మేం నలభైమందిమి ఉన్నాం కదా, మా వెనక నలభైమంది మనుషులున్నారు కదా!

శుక్రవారం వచ్చింది. సాయంత్రం నాలుగైంది. పద్నాలుగో బల్ల ఫోను మోగింది. ఎవరో ఫిర్యాదు చేశారని భార్గవ్ అప్పటికి నూకరత్నం పేరు ‘నేహ’గా మార్చాడు.

“నమస్కారం, నిశ్చింత హోస్టింగ్‌కి స్వాగతం, నా పేరు నేహ.”

“మీరు రియా కదమ్మా? శనివారం మాట్లాడేరు.” ఆయన గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. “పేరు మారిస్తే గొంతు మారదు కదేటి. మాకు మనిషంటే గొంతేనమ్మా.”

నూకరత్నం నా వంక చూసింది. దీనికి నా దగ్గర వాక్యం లేదు. కనక రెండోది ఎత్తుకుంది: “మీ బాధ మాకు...”

“అర్థమైంది,” అని ఆయనే పూర్తి చేశాడు. “దయచేసి ఒక్క నిమిషం లైన్లో ఉండండి. మా టెక్నికల్ టీమ్ దీని మీదే పనిచేస్తోంది. నలభై ఎనిమిది గంటల్లో మీ సమస్య పరిష్కారమవుతుంది.” ఒక్క ముక్క పొల్లుపోకుండా నన్ను మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. “మేం వినే నేర్చుకుంటాం కదమ్మా. వారం రోజుల్లో కంఠతా వచ్చేసింది. మా బళ్ళో పిల్లలు కూడా నేర్చేసేరు. అన్నం దగ్గర ఒకడు కూర అడిగితే ఇంకొకడు ‘నలభై ఎనిమిది గంటలు ఆగండి’ అంటన్నాడు.”

అంతవరకూ నవ్వుతూనే చెప్పాడు. ఆ తర్వాత నవ్వు ఆపేశాడు.

“ఇంకో రెండు గంటలుందమ్మా. పదకొండు మంది ఈ ఏడు రాస్తన్నారు. సోమవారం తెలుగు పరీక్ష. ఎవరికీ ఇంటి దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించే దిక్కు లేదు. నన్ను ఎర్ర బటనూ పచ్చ బటనూ అనకండి. ఆ కాగితంలో లేని మాట ఒక్కటి, ఒక్కటే ఒక్కటి చెప్పండి. మా పాఠాలు ఉన్నాయా, పోయాయా?”

నూకరత్నం నన్ను బోర్లా తిప్పేసింది. నా వెనకవైపు తెల్లగా, ఖాళీగా ఉంటుంది.

“నాకు తెలీదు మాస్టారూ,” అంది.

మూడు నిషేధాల్లోనూ పెద్దది విరిగిపోయింది.

“హమ్మయ్య,” అన్నాడు మాస్టారు. “ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికింది.”

“నా పేరు నూకరత్నం అండి. రియా కాదు, నేహా కాదు. ఫోను పెట్టకండి, నేనెళ్ళి కనుక్కుని వస్తాను.”

లేచింది. కంగారులో నన్ను చేతిలో పట్టుకునే పరిగెత్తింది. “ఎక్కడికి? సీట్లో కూర్చో!” అని భార్గవ్ అరుస్తూనే ఉన్నాడు. పై అంతస్తులోనే ఉంటారట మేం రోజుకి వెయ్యిసార్లు పేరెత్తే ఆ టెక్నికల్ టీమ్. ఇన్నేళ్ళలో మా గదిలోంచి ఆ మెట్లెక్కిన మనిషి లేడు. తలుపు తోస్తే లోపల టీమూ లేదు, గీమూ లేదు. చక్రధర్ అని ఒకే ఒక్కడు, కాగితం పొట్లంలో పకోడీలు తింటున్నాడు.

సంగతి విని కంప్యూటరులో చూశాడు. “ఏటి, దీనికా? మోసం అనుకుని మిషనే ఆపేసింది. ఇదిగో, ఈ టిక్కు తీసేస్తే సరి.” తీసేశాడు. “వారం నుంచి ఏం చేస్తన్నారు? మాకెవరూ చెప్పలేదే!”

“ఆరుసార్లు రాసేమండి ఫిర్యాదు.”

“మా దాకా రాలేదమ్మా. కింద మూతబడిపోతే మాకెలా వస్తాయి?” అని ఇంకో పకోడీ నోట్లో వేసుకున్నాడు.

అంతేనండీ. ఒక్క టిక్కు! నోట్లో పకోడీ నమిలేంత సేపు పట్టలేదు. దానికోసం ఒక చూపులేని మనిషిని కళ్ళు తెరవమని పదకొండుసార్లు నిలబెట్టాం. నాకు నోరుంటే ఆ గదిలో తల బాదుకుని ఏడ్చేదాన్ని.

నూకరత్నం మెట్లు దిగి వచ్చేసరికి మాస్టారు లైన్లోనే ఉన్నాడు. “ఉన్నాయి మాస్టారూ. అన్నీ ఉన్నాయి. నొక్కి చూడండి.” అవతల ఇంకో ఫోను తెరిచిన చప్పుడు, ఆ వెంటనే ఎవరిదో ఆడగొంతు ‘మొదటి పాఠం’ అంటూ చదవడం వినిపించింది. మాస్టారు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. నూకరత్నం ఇంకే విధంగా సహాయపడగలనని మాత్రం అడగలేదు.

ఆ ఫోనుకి వచ్చిన మార్కులు సున్నా. అసలు పేరు చెప్పింది, నిషేధించిన మాట అంది, సీట్లోంచి లేచింది, చివరి వాక్యం చదవలేదు. సోమవారం పొద్దున్న, పిల్లలు బొబ్బిలిలో తెలుగు పరీక్ష రాస్తున్న సమయానికి, భార్గవ్ ఆవిడని పిలిచి ఇక రానక్కర్లేదన్నాడు. కంపెనీ వస్తువులన్నీ అప్పగించి వెళ్ళమంటే హెడ్‌ఫోను ఇచ్చింది, మెడలోని గుర్తింపు కార్డు ఇచ్చింది. నన్ను సంచీలో వేసుకుంది. ఎందుకో అడక్కండి, నాకూ తెలీదు. చూశారా, నాకూ ఆ మాట వచ్చింది.

ఇప్పుడావిడ గాజువాకలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తోంది. అక్కడా చేరిన రోజునే ఒక కార్డు చేతికిచ్చారట, సొరుగులో పడేసింది. ఆదివారాలు మాత్రం సైన్సు పాఠాలు చదివి, రికార్డు చేసి మాస్టారికి పంపుతుంది. జూన్‌లో ఆ బడికి స్వయంగా వెళ్ళినప్పుడు, ఆవిడ నమస్కారం అనగానే పిల్లలంతా “రియా మేడమ్!” అని గోల పెట్టారు. పదకొండు మందీ పాసయ్యారు. మాస్టారు చెయ్యి చాచాడు.

“మీరు చెప్పిన ఆ కాగితం తెచ్చేరా? ఇలాగివ్వండి.”

నన్ను రెండు చేతులతో తడిమాడు. మోజెస్ పంటిగాట్ల దగ్గర వేలు ఆగింది. తర్వాత నన్ను బ్రెయిలీ పలకలో బిగించి, పొట్టి పిడి ఉన్న సూదితో పొడవడం మొదలుపెట్టాడు. ఏడు వాక్యాల మీదుగానే పొడిచాడు. అర్థమైన బాధ మీద ఒక పోటు, నలభై ఎనిమిది గంటల మీద ఒక పోటు, ఎర్ర బటన్ మీద ఒకటి. నొప్పి లేదనను. బతికిన బతుక్కి అది తక్కువే.

ఇప్పుడు నేను బొబ్బిలి బడిలో, కొత్త కంప్యూటరు పక్కన మేకుకి వేలాడుతున్నాను. ఈ మధ్య తొమ్మిదో తరగతిలో చేరిన పుణ్యవతి అనే పిల్ల వచ్చి నా వెనకవైపు లేచిన చుక్కల మీద వేలు నడిపించి, కూడబలుక్కుని పైకి చదివింది.

“సైటు ఆగిపోతే... నూకరత్నం గారికి... ఫోను చెయ్యండి.” కింద ఉన్న పది అంకెలూ చదివింది. తర్వాత నన్ను అటు తిప్పి, ఏడు వాక్యాల మీదా అరచెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమింది. “మాస్టారూ, ఇటేపు ఏటుంది?”

మాస్టారు కుర్చీలోంచే అన్నాడు.

“అటేపు ఏటీ లేదమ్మా. ఉత్త గుంతలే.”