సంచి తియ్యని మొక్క

ఇస్త్రీబండి ఆవిడ పొద్దున్నే బొగ్గులు రాజేసి, ముందు నీడ ఎంతుందో చూసుకునేది. ఆ ఊళ్ళో మొక్క నాటగానే నీడ వచ్చేసేది. చెట్టు తర్వాత తీరిగ్గా పెరిగేది. మోకాలెత్తు మొక్క కింద మంచమేసుకుని పడుకోవచ్చు. ఆలూ లేదు చూలూ లేదన్న సామెత అక్కడ చెల్లదన్నమాట. చచ్చే మొక్కకైతే నీడ ముడుచుకుపోతుంది. బొగ్గు ఇస్త్రీపెట్టె గురించి చెప్పాలంటే అదో భారతం, వదిలేద్దాం.

ఆవిడ మొగుడు మొక్కలు నాటే సభలకి గుంతలు తవ్వే మనిషి. వడదెబ్బకి పడి లేచాడు. మళ్ళీ ఎండ తగిలితే దక్కడని డాక్టరు ఖాయంగా చెప్పాడు. ఇంట్లో రేకుల కింద మధ్యాహ్నం పెనమ్మీద ఉన్నట్టే. వీధిలో చెట్లన్నీ రోడ్డు వెడల్పుకి పోయాయి. అందుకని ఆయన్ని బండి పక్కన, మిగిలిన ఆ ఒక్క మొక్క నీడలో పడుకోబెట్టి బట్టలు రుద్దేది.

ఎండలు ముదిరేసరికి నీడ దుప్పటంత అయింది. బిందెలకొద్దీ నీళ్ళు పోసింది. తువ్వాలంత అయింది. అప్పుడు నోరు విప్పాడాయన.

"నీళ్ళు పోసి లాభం లేదే. దాని సంచి తియ్యలేదు."

"ఎవరు తియ్యలేదు?"

"ఇంకెవరు, నేనే. సభ కాగానే మొక్కని పైకి లాగి వెనక్కి పంపెయ్యాలి, ఇంకో సభకి పనికొస్తుంది. సంచి తీసేస్తే లాగడం ఎట్లా? దీన్నొక్కదాన్నీ లాగడం మర్చిపోయాం."

"ఇన్నాళ్ళూ దీని కిందే పడుకుని ఇప్పుడా చెప్పడం, మహానుభావా?"

"నీడ అంత బాగుంటే, బతికేసిందనుకున్నా."

ఆవిడ తవ్వి, ప్లాస్టిక్ సంచి కోసింది. వేళ్ళు లోపల్లోపలే చుట్టుకుని తాడుచుట్టలా నల్లగా కుళ్ళి ఉన్నాయి. అయినా మట్టి కప్పింది. వేరే నీడ వెతుక్కోమని బట్టలిచ్చే వాళ్ళందరూ సలహా చెప్పారు. ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బట్టలిచ్చి వచ్చేసరికి మంచం ఎండలో ఉంది. ఆవిడ నిలబడే చోటు నీడలోకి వచ్చేలా బండి జరిపి ఉంది.

"ఇదేంటయ్యా?"

"చలేస్తోందే. కాసేపు ఎండ కాగుతున్నా. నువ్వు పని చూసుకో."

ఒళ్ళు కాలిపోతోంది. మంచం నీడలోకి లాగి, తను ఎండలో నిలబడి తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. సాయంత్రానికి ఆయన పోయాడు.

మర్నాటి నుంచి ఆ నీడ తగ్గలేదు, పెరగనూ లేదు. ఒక మనిషికి సరిపడా ఉంది. ఆవిడ అందులోనే నిలబడి ఊళ్ళో వాళ్ళ బట్టలు రుద్దుతోంది.