తెల్లగీతల దారి

పెద్దాయన వయసులో ఉన్నన్నాళ్లూ రోడ్ల మీద తెల్లగీతలు వేశాడు. ఊరంతటినీ దారిలో పెట్టిన మనిషికి ఇప్పుడు సొంత ఇంట్లోనే అడుగు పడటంలేదు. జబ్బు తెచ్చిన చేతి వణుకు సరే, గుమ్మం దగ్గరికొచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. పడకగదికీ వంటగదికీ మధ్య నడవా ఎంతని, పట్టుమని పదడుగులుండదు! అది దాటలేక మంచానికే అంటిపెట్టుకుపోయాడు. పొద్దున్నే వంటగదిలో ఎదురెదురుగా కూర్చుని, టీ తాగుతూ, బంధువులందర్నీ చెరిగిపారేసే ఆ కాస్త సంబరమూ ఇక లేనట్టేనని పెద్దావిడకు ఒకటే దిగులు.

ఆవేళ డాక్టరుకు చూపించి వస్తూ రోడ్డు దాటబోయారు. అంచున ఆయన బిగుసుకుపోయాడు. ఆవిడ చెయ్యి పట్టి లాగింది. లాగేకొద్దీ మొండికేశాయి కాళ్లు. ఆగిన బళ్ల హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఆయన మాత్రం తల వంచి కింది గీతల్ని చూస్తున్నాడు.

"ఎవడేశాడే వీటిని? అంచులు చూడు, కోడి గెలికినట్టున్నాయి," అని విసుక్కున్నాడు.

విసుక్కుంటూనే మొదటి గీత మీద కాలు వేశాడు. తర్వాత రెండోదాని మీద. ఆవిడ నోరు వెళ్లబెట్టి చూస్తుండగానే టకటకా అవతలికి నడిచిపోయాడు. అక్కడ గీతలు అయిపోయాయి. కాళ్లు మళ్లీ అతుక్కుపోయాయి. ఆవిడ ఒకసారి గీతల్నీ, ఒకసారి ఆయన కాళ్లనీ చూసింది.

ఇంటికి రాగానే డాక్టరుకు ఫోను చేసింది. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. అలవాటైన నడకను మనకు తెలియకుండానే నడిపించే భాగం మెదడు లోతుల్లో ఉంటుందట. అక్కడ డోపమిన్ అనే రసాయనం తగ్గిపోయిందట. కాళ్లకు వచ్చిన లోటేమీ లేదు. కంటికి గీతో, దాటాల్సినదేదో కనబడితే మెదడు ఇంకో దారిన కాళ్లకు కబురంపుతుందట. అందరికీ అన్నిసార్లూ పనిచెయ్యదని కూడా అన్నాడు.

ఫోను పెట్టేసి ఆవిడ చాలాసేపు మొగుడి బట్టతల కేసి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లూ తను నూనె రాసిన తలే. దాని లోపల ఇంకో దారి కూడా ఉందంటే ఎంత విచిత్రం! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం నడవాలో తెల్లరంగుతో గీతలు వేసింది. మంచం మీంచి ఆయన ఒకటే నస: ఎడం సమానంగా లేదని, బ్రష్షు పట్టడమే రాదని.

మర్నాడు ఆవిడ పొయ్యి మీద టీ పెట్టి, పిలవకుండా, చెవులు రిక్కించి నిలబడింది. చెప్పుల చప్పుడు. ఆగలేదు. దగ్గరికొచ్చింది. వంటగది గుమ్మంలో ఆగిపోయింది.

"ఇక్కడ గీత మర్చిపోయావే," అన్నాడు పెద్దాయన.

ఆవిడ అటూ ఇటూ చూసింది. గబగబా వెళ్లి ఆయన పాదాల ముందు తన పాదం అడ్డంగా పెట్టింది.

"దీన్ని దాటి రండి."

ఆయన ఆ పాదాన్ని చూశాడు. కాలెత్తి జాగ్రత్తగా దాటాడు. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది మాత్రం తిన్నగా పెట్టావు," అన్నాడు.