కాళ్ల మీది చాప

"చాప అల్లుతున్నారా అత్తయ్యా, పడవకి తెరచాపా? ఇంకెంత పెంచుతారు?"

"నీ నోరు కప్పాలంటే ఇదీ చాలదు," అంది మా అత్తగారు తిరేసా, మొగలి ఆకు పాయలు బిగిస్తూ. "ఇంకో జానెడు పెంచుతాను."

"పాతదానికేమొచ్చింది?"

"అంచు చిరిగింది. పాస్టరుగారి ముందు పిల్ల కాలు బయటపడితే నిన్నంటారా, నన్నంటారు గానీ!"

పొద్దుటి నుంచీ ఇదే గొడవ. మా సమోవా ఇళ్లల్లో కింద కూర్చుంటే కాళ్లు మడుచుకోవాలి. మడవలేనివాళ్లు చాపుకుని, పైన చిన్న చాప కప్పుకోవాలి.

నా కూతురు ఫువాతినోకి నాలుగో ఏట, రక్తాన్నీ మెదడు పొరల్నీ పట్టే మెనింజోకాకల్ జ్వరం వచ్చింది. ఒంటినిండా నేరేడుపండు రంగు మచ్చలు. బతికింది. ఎడమ చెవికి వినికిడి పోయింది. కుడి చీలమండ దగ్గర ఎముక ఒకపక్క పెరగడం మానేసింది. పిల్ల ఎదిగినకొద్దీ పాదం లోపలికి తిరిగింది. కోసి సరిచేస్తారు, మళ్లీ తిరుగుతుంది, పుండు పడుతుంది. ఇప్పుడు దానికి ఇరవై. ఆ చాప కిందకి మేమెవరం చూడం.

సాయంత్రం సన్నగా వాన మొదలైంది. మేం వలసొచ్చి ఉంటున్న ఆక్లాండ్‌లో దిగే విమానమొకటి మబ్బుల్లోంచి మా ఇంటి మీదుగా వెళ్తూ, గోడల్ని నిద్రలో పసిపిల్లని ఊపినట్టు ఊపి వదిలింది. ఫువాతినో వినిపించే చెవిని గోడకి ఆనించి కళ్లు మూసుకుంది.

"చిన్నప్పటి ఆ జ్వరంలో, సముద్రంలో నడిచానమ్మా," అంది. "నీళ్లు వెచ్చగా ఉన్నాయి. అడుగున ఇసుక లేదు. కాళ్లున్నాయో లేవో తెలీలేదు. అయినా నడుస్తూనే ఉన్నా."

ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని మాట. దాని జుట్టు సవరించాను.

ప్రార్థనకి అందరం గుండ్రంగా కూర్చున్నాం. అత్తగారు అలవాటుగా పాత చాప దాని కాళ్ల మీద కప్పింది. పాట అయ్యాక మా ఆయన సెఫో రోజూలాగే, "ఎవరైనా చెప్పేదుందా?" అని అడిగాడు.

ఫువాతినో చాప తీసి మెల్లగా మడిచింది. గులాబీరంగు మచ్చలతో, వంకర తిరిగి, కాలు అందరి మధ్యా ఉంది. ఎవరం తల తిప్పుకోలేకపోయాం.

"డాక్టరమ్మకి సరేనన్నాను నాన్నా. వచ్చే నెల కాలు మోకాలి కింద నుంచి తీసేస్తారు. పెట్టుడు కాలుతో నొప్పి లేకుండా నడుస్తానట. నాకు నడవాలనుంది."

మా అత్తగారి చేతులు ఒళ్లో ఖాళీగా, ఇంకా అల్లుతున్నట్టే కదులుతున్నాయి. ఫువాతినో వాటిని పట్టుకుంది.

"కొత్త చాప ఇంక పెంచకు నానమ్మా. సగం చాలు."