తెల్లకాలు ఏది?

దొర అనే గుర్రానికి ముందు కాలి గిట్టలో చీము పట్టింది. మూడు వారాలు కదపొద్దన్నాడు పశువుల డాక్టరు. మూడు రోజులు కూడా ఆగనన్నాడు డైరెక్టరు. సినిమా దాదాపు అయిపోయింది, మిగిలింది హీరో గుర్రమెక్కి వాగు దాటే ఘట్టం ఒక్కటే. అంచేత దొరకి బదులు ఇంకో గుర్రాన్ని తెప్పించారు. ఆ కబురు వినగానే దొరని సాకే బాబాయికి అన్నం సహించలేదు.

ఆయన్ని సెట్టులో అందరూ బాబాయి అనే పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆయన లోకమంతా ఆ గుర్రమే. భార్య పుట్టినరోజు గుర్తుండదు గానీ, దొర ఒంటి మీద ఎన్ని సుడులున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తర్వాతి సినిమాకి కూడా దొరనే తీసుకుంటానని డైరెక్టరు మాటిచ్చాడు. తీరా పొద్దున్నే ఆయనే ఎవరితోనో అంటుంటే బాబాయి చెవిన పడింది, కొత్తది బాగా పరిగెత్తితే ఇక దానితోనే కానిచ్చేద్దామని.

కొత్త గుర్రం పేరు బూటు. స్వారీ నేర్పే బడి నుంచి వచ్చింది. దొరలాగే ముదురు గోధుమ రంగు, నల్లటి జూలు. కాకపోతే దొరకి నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి పట్టీ ఉంది, వెనక కాళ్లలో ఒకటి తెలుపు. బూటుకి నుదురు ఖాళీ, ఎడమ ముందు కాలు మాత్రం పాలలో ముంచి తీసినట్టు ఉంటుంది. ఈ తేడాలన్నీ చెరిపే పని మేకప్ అక్క మీద పడింది. గుర్రానికి మేకప్ ఏమిటని మొదట నవ్వి, తర్వాత బకెట్టూ బ్రష్షులూ పట్టుకుని కొట్టంలో చతికిలబడింది.

ముఖానికి ఫొటోలున్నాయి. కాళ్ల దగ్గరే చిక్కొచ్చింది. ఫొటోలన్నీ హీరో కోసం తీసినవి, గుర్రం నడుము కింద ఏముందో ఎవరికీ పట్టలేదు. అప్పటిదాకా తీసిన సినిమా అంతా ఎడిటింగుకి వెళ్లిపోయింది. పోనీ దొరనే చూద్దామంటే, నొప్పి కాలు మోపలేక బరువంతా మిగతా వాటి మీద వేస్తోందని డాక్టరు నాలుగు కాళ్లకీ కట్లు కట్టించి, తను వచ్చేదాకా విప్పొద్దని గట్టిగా చెప్పి వెళ్లాడు. చేసేది లేక అక్క బాబాయినే అడిగింది.

"వెనక ఏ కాలు తెలుపు బాబాయ్?"

"కుడి," అన్నాడు బాబాయి తడుముకోకుండా.

పచ్చి అబద్ధం. దొరకి తెలుపు ఎడమ కాలికి. కాలు మారిన సంగతి ఎడిటింగులో బయటపడుతుంది, తీసిందంతా బుట్టదాఖలవుతుంది, దొరకి నయమయ్యాక మళ్లీ తీస్తారు. ఇదీ ఆయన పథకం. ఎవరైనా నిలదీస్తే, ఎదురుగా నిలబడి చెప్పడం వల్ల కుడి ఎడమైందని అనడానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది. ఆయన జన్మలో ఇంత దూరం ఆలోచించి ఏ పనీ చేయలేదు.

గంటన్నరలో నుదుటి మీద తెల్ల పట్టీ పడింది, కుడి వెనక కాలు తెల్లబడింది. ఇక బూటు ముందు కాలి తెలుపు మీద గోధుమ రంగు పూయడం మొదలైంది. కళ్లెం పట్టుకున్న బూటు యజమానురాలు, అరవై దాటిన పెద్దావిడ, అంతదాకా గలగలా మాట్లాడుతున్నదల్లా వంగి ఆ కాలినే చూసింది. ఆ రంగు సబ్బుతో వదులుతుందా అని అడిగింది. వదులుతుంది గానీ రెండు మూడుసార్లు రుద్దాలని అక్క చెప్పింది.

పెద్దావిడ బాబాయి వైపు తిరిగింది.

"నాకు చూపు ఆనదు బాబూ. పది గుర్రాల్లో ఆ తెల్లకాలు చూసే దీన్ని పోల్చుకుంటాను. స్వారీకొచ్చే పిల్లలూ అంతే. ఎల్లుండికి ఇంటికి తోలుకెళ్లిపోతాను, ఈ సినిమాలు మాకొద్దు. మీ దొర గుర్తులు సరిగ్గా పడ్డాయో లేదో మీరే చూసి చెప్పండి. మళ్లీ మళ్లీ రుద్దితే చర్మం మండుతుంది పాపం."

దొర చోటుకి ఎసరు పెట్టడానికి వచ్చారనుకుంటే, వీళ్లు ఇంటికి పోయే తొందరలో ఉన్నారు. బూటేమో ఆ అరువు ముఖంతోనే బాబాయి జేబులోని క్యారెట్టు వాసన పట్టి మూతి చాపింది. ఆయన సిగ్గుతో చితికిపోయాడు.

"ఎడమ కాలమ్మా," అన్నాడు. "కావాలనే తప్పు చెప్పాను. మా దొర చోటు పోతుందని భయమేసింది."

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. షాటుకి ఇంకో అరగంటే ఉంది. అందుకని తిట్లు సాయంత్రానికి వాయిదా వేసి, ఆయన చేతిలో తడిగుడ్డ పెట్టింది. బాబాయి గోరువెచ్చటి నీళ్లతో ఆ కుడి కాలు తనే కడిగాడు. ఎడమ కాలికి తెలుపు ఎంతవరకు రావాలో, గిట్ట పైన చిన్న నల్లమచ్చ ఎక్కడ మిగలాలో దగ్గరుండి చూపించాడు.

డైరెక్టరు వచ్చి, చూసి, దొర కాలు అప్పుడే నయమైందా అని అడిగాడు. బాబాయికి లోపల చురుక్కుమంది. బూటని తెలిశాక, తర్వాతి సినిమాకీ ఇది దొరుకుతుందా అని డైరెక్టరు ఆరా తీస్తే, దొరకదని పెద్దావిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. అయితే దొరే గతి అంటూ డైరెక్టరు కెమెరా వైపు కదిలాడు. బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు గానీ ఊరుకోలేకపోయాడు.

"సార్, పేర్లు వేసేటప్పుడు దొర పక్కన బూటు పేరు కూడా వెయ్యండి," అన్నాడు. "లేకపోతే స్వారీ బడి పిల్లలు దాన్ని పోల్చుకోలేరు."